యాజమాన్య విద్య - కార్మికుని దృక్పథం
(సమాఖ్య కార్మిక విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగంలో ఉంటూనే యాజమాన్య శాస్త్రంలో పట్టా పుచ్చుకోదలచిన రైల్వే, తపాలా ఉద్యోగులకు సంఘం ఏమి చెప్పాలి అన్న విషయంపై మాట్లాడవలసిందిగా మమ్ము కోరారు. ఈ ప్రశ్న శాఖా కార్యాలయాలకు ఇప్పుడు తరచుగా వస్తున్నది. పాయింట్స్‌మన్‌గా చేస్తున్న యువకుడు వచ్చి "అన్నగారూ, బి.ఏ.లో చేరమంటారా, బి.బి.ఏ.లో చేరమంటారా?" అని అడుగుతున్నాడు. పోస్టల్ అసిస్టెంటుగా పదిహేనేళ్ళు కౌంటరులో కూర్చున్న సోదరి "ఎం.బి.ఏ. పూర్తిచేస్తే నాకు ఒరిగేదేమైనా ఉన్నదా అన్నా?" అని అడుగుతున్నది.

ఇందుకు మన శాఖలలో రెండు రకాల జవాబులు వినిపిస్తున్నవి. యాజమాన్యపు చదువు యాజమాన్యానికే, అది చదివినవాడు రేపు మన ఎదుటి కుర్చీలో కూర్చుంటాడు అన్నది ఒకటి. రెండవది ప్రైవేటు విద్యాసంస్థల కరపత్రాలు నేర్పిన జవాబు: పట్టా చేతికి వస్తే అధికారి ఉద్యోగం దానంతట అదే వస్తుందని. మొదటిది పిరికి మాట, రెండవది అమ్మకపు మాట. రెండింటినీ పక్కన పెట్టి, ఉన్న నిబంధనలేమిటో, పుస్తకాలలో ఉన్నదేమిటో, అన్నిటికంటె ముఖ్యంగా మన చేతిలో ఉన్న కాలమెంతో చూద్దాము.

పనిచేసేవాడు చదువుకోగల విశ్వవిద్యాలయం మన దేశంలో ఆలస్యంగా వచ్చినది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తరాల ద్వారా పాఠాలు చెప్పడం ప్రారంభించినది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ పని మొదలుపెట్టినది. 1982 ఆగస్టులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినది. దేశంలో అటువంటి వాటిలో అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపాధ్యక్షులు ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపాధ్యక్షులు. ఈ జాతీయ విశ్వవిద్యాలయం 1987లో రెండే కోర్సులతో బోధన ఆరంభించినది. ఒకటి దూరవిద్యలో డిప్లొమా, రెండవది మేనేజిమెంటులో డిప్లొమా. అనగా ఉద్యోగస్థుని కోసం కేంద్ర ప్రభుత్వం తెరిచిన బడిలో మొదటి పాఠాలలోనే యాజమాన్య పాఠం ఉన్నదన్నమాట.

ఆ పాఠాల కట్టలను ఆర్.ఎం.ఎస్. సెక్షన్లలో వేరుచేసినవారు, మెయిలు వ్యాన్లలోనికి ఎక్కించినవారు, ఆ బండిని నడిపించినవారు, చివరకు పల్లె గడపకు చేర్చినవారు అందరూ మనవారే. కట్ట మోసినవానికి ఆ కట్టలో ఉన్నదానితో పనిలేదనడం ఎక్కడి న్యాయమో అటువంటి మాట చెప్పేవారే చెప్పాలి.

ఇక పట్టా వల్ల వచ్చేదేమి, రానిదేమి? అధికారి గ్రేడుకు జరిగే డిపార్టుమెంటల్ పోటీ పరీక్షలలో ప్రధానంగా చూసేది సర్వీసు, గ్రేడు, నిబంధనల పరిజ్ఞానం. రైల్వేలో గ్రూపు 'బి' పరీక్షకు గాని, తపాలాలో ఇన్‌స్పెక్టరు పరీక్షకు గాని ఎం.బి.ఏ. పట్టా మెట్టు కాదు. మాన్యువళ్ళు చదవకుండా ఎం.బి.ఏ. చదివినవాడు ఆ పరీక్షలో తప్పుతాడు. ఈ మాట కరపత్రాలలో ఉండదు కనుక మేము ఇక్కడ గట్టిగా చెబుతున్నాము.

అయితే పట్టా నిజంగా తలుపు తెరిచే చోటు ఒకటి ఉన్నది. రైల్వేలో జనరల్ డిపార్టుమెంటల్ కాంపిటీటివ్ ఎగ్జామినేషన్ అనే పద్ధతిలో, బయటినుండి భర్తీ చేయవలసిన ఖాళీలలో కొంత భాగం లోపలి ఉద్యోగులకు ఇస్తారు. బయటివారికి ఏ విద్యార్హత ఉన్నదో లోపలివారికీ అదే కావలెను. స్టేషన్ మాస్టరు ఉద్యోగానికీ, 2022 జనవరిలో ట్రైన్ మేనేజరని పేరు మార్చిన గార్డు ఉద్యోగానికీ గుర్తింపు పొందిన పట్టా అవసరం. అది ఏ విషయంలోనిదైనా సరే. పట్టాలమీద సుత్తి పట్టుకున్న ట్రాక్ మెయింటెయినర్ స్టేషన్ మాస్టరు కావడానికి ఇది తిన్నని దారి. ఇటీవలి ప్రకటనలలో దీనికి వయోపరిమితి సాధారణ వర్గాలకు 42, వెనుకబడిన తరగతులకు 45, షెడ్యూల్డు కులాలు, తెగలకు 47 ఏళ్ళు. లెక్క చూసుకోండి. 38వ ఏట మూడేళ్ళ కోర్సులో చేరి ఒక్క ఏడాది తప్పినవానికి పట్టా వచ్చేసరికి 42 నిండుతాయి. కనుక ఆ పాయింట్స్‌మన్ తమ్మునికి మా జవాబు: నీకు సులభంగా పూర్తయ్యేది ఏదో అందులో చేరు, ఈ సంవత్సరమే చేరు. బి.బి.ఏ. అన్న మూడక్షరాల కోసం లెక్కలతో కుస్తీ పట్టి రెండేళ్ళు పోగొట్టుకోవద్దు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 2019 మార్చి ఉత్తర్వు ప్రకారం సర్వీసులో ఉండగా సంపాదించిన అదనపు అర్హతకు ఒక్కసారి ఇచ్చే ప్రోత్సాహకం ఉన్నది. మూడేళ్ళు లేక అంతకు తక్కువ కాలపు పట్టాకు 10,000 రూపాయలు, ఏడాదికి మించిన స్నాతకోత్తర పట్టాకు 25,000. కాని ఆ చదువు చేసే పనికి నేరుగా సంబంధించినదై ఉండాలి. ఆ ఉద్యోగపు నియామక నిబంధనలలో అవసరమని గాని వాంఛనీయమని గాని పేర్కొన్న అర్హత అయి ఉండరాదు. యాజమాన్య విద్య మన పనికి సంబంధించినదా కాదా అన్నది కార్యాలయానికొక తీరున తేలుతున్నది. చేరక ముందే వ్రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, విషయ సంబంధాన్ని ఆ దరఖాస్తులోనే వివరించినవారికి తరువాత వాదన తేలికవుతున్నది.

మోసం మాట కూడా చెప్పవలసి ఉన్నది. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగు పట్టాలిచ్చినవి. 2001-2005 మధ్య చేరినవారి పట్టాలను నిలిపివేసి మళ్ళీ పరీక్ష రాయించమన్నది. అటు తరువాత చేరినవారి పట్టాలను రద్దే చేసినది. ఆ కేసుకు మూలం ఒడిశాలోని ఒక ప్రభుత్వ సంస్థలో పదోన్నతుల తగాదా. అంటే దెబ్బ తిన్నవారిలో మనబోటి ఉద్యోగులే ఉన్నారు; డ్యూటీ చేస్తూ, ఫీజు కట్టి, ఏళ్ళు చదివి, పదోన్నతి పొంది, ఆ పదోన్నతికే ఎసరు తెచ్చుకున్నవారు. సంస్థ ఎంత పెద్దదైనా, దాని బోర్డు ఎంత మెరుస్తున్నా, ఆ కోర్సుకు ఆ సంవత్సరానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరవిద్యా విభాగపు జాబితాలో అనుమతి ఉన్నదా అన్నది ఒక్కటే చూడవలసినది. అనుమతి ఉన్న సంస్థ ఇచ్చిన పట్టా తరగతికి వెళ్ళి తెచ్చుకున్న పట్టాతో సమానమని 2022 సెప్టెంబరులో ఆ సంఘమే ప్రకటించినది కనుక, దూరవిద్య అనగానే చిన్నచూపు చూసే కార్యాలయాలతో ఇప్పుడు గట్టిగా మాట్లాడవచ్చును. వీధి చివర గది తీసుకుని "ఫ్రాంచైజీ" అని చెప్పేవారిని దగ్గరకు రానీయకండి. ఆ పద్ధతినే నిషేధించారు.

పదోన్నతికి నేరుగా పనికిరాకపోతే ఎం.బి.ఏ. ఎందుకు చదవాలి అని ఆ సోదరి అడిగినది. ఇదే మేము కాస్త నిలిచి చెప్పదలచుకున్న విషయం. మన పోస్టులెన్ని ఉండాలో, ఒక్కొక్కరి పని ఎంతో, ఏది పని, ఏది ఖాళీ అని తేల్చే భాష ఒకటి ఉన్నది. ఆ భాష ఆ పుస్తకాలలో ఉన్నది. మనం నేర్వకపోయినా మనపై ప్రయోగించడం ఆగదు.

పాఠ్యపుస్తకంలో ముందుగా కనిపించే పేరు ఫ్రెడరిక్ టేలర్. 1911లో ఆయన గ్రంథం వెలువడినది. అమెరికాలో బెత్లెహెం ఉక్కు కార్ఖానాలో ముడి ఇనుప దిమ్మెలు మోసే కూలీ రోజుకు పన్నెండున్నర టన్నులు మోసేవాడట. టేలర్ "శాస్త్రీయంగా" చెప్పినట్లు చేసి నలభై ఏడు టన్నులకు పైగా మోశాడట. కూలి 1 డాలరు 15 సెంట్ల నుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగినదట. ఉపాధ్యాయుడు దీనిని ఉత్పాదకతా విజయంగా చెబుతాడు. మనవాడు పలక తీసుకుని లెక్క వేయాలి: పని దాదాపు నాలుగు రెట్లు, కూలి ఒకటికి ఒకటిన్నర రెట్లు దాటి కాస్త. 1970లలో పాత రికార్డులు వెదికిన పరిశోధకులు ఆ కథలో టేలర్ కల్పన చాలా ఉన్నదని చూపారు కూడా. అయినా కథ పుస్తకాలలో నిలిచే ఉన్నది.

తరువాత వచ్చేది హాథార్న్ ప్రయోగాలు, 1924 నుండి 1932 వరకు, షికాగో దగ్గరి టెలిఫోను పరికరాల కార్ఖానాలో. అందులో చివరి భాగం మనకు ముఖ్యం. తీగలు అమర్చే గదిలో 14 మంది కార్మికులను పరిశీలించారు. రోజుకు ఎంత పని న్యాయమో వారు తమలో తామే నిర్ణయించుకున్నారు. ఎక్కువ చేసేవానిని వారించారు. పుస్తకం దీనికి "అనియత సమూహం" అని పేరు పెట్టి ఆశ్చర్యపడుతుంది. ఇందులో ఆశ్చర్యమేమున్నది? ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారు, మనుషులను తీసేస్తారు అన్న భయం వారికి ఉన్నది. అది ఆర్థిక మాంద్యపు కాలం. వారు సంఘం పెట్టుకోలేదు గాని సంఘం చేసే పనే చేశారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. 1989 నాటి రైల్వే చట్టం 130వ సెక్షను తీయండి. ఏ ఉద్యోగాన్ని "ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్" అని అనవచ్చునో అందులో వ్రాసి ఉన్నది. 72 గంటల సగటున చూచి, పన్నెండు గంటల డ్యూటీలో సగమో అంతకు మించో పని లేని కాలమై ఉండాలి. అందులో కనీసం ఒక గంట ఒక్క విడతగా గాని, అరగంట చొప్పున రెండు విడతలుగా గాని ఉండాలి. ఆ కాలంలో శారీరక శ్రమ గాని, ఎడతెగని ధ్యాస గాని అవసరం లేనిదై ఉండాలి. ఇటువంటి ముద్ర పడిన ఉద్యోగికి 132వ సెక్షను ప్రకారం వారానికి 75 గంటల వరకు పని చెప్పవచ్చును. కంటిన్యువస్ అయితే సగటున 54, ఇంటెన్సివ్ అయితే 45. గేటులో కూర్చున్న మనిషి "ఊరక" ఉన్నాడా, చెవి టెలిఫోనుమీద, కన్ను దారిమీద పెట్టి ఉన్నాడా అన్న ఒక్క మాట వారానికి 21 గంటల తేడా తెస్తున్నది. జాబ్ అనాలిసిస్ చేయడానికి వచ్చినవాడు గడియారం చూచి నిమిషాలు వ్రాసుకుంటాడు. ధ్యాసను వ్రాసుకునే గడి అతని కాగితంలో లేదు. ఆ గడి లేదని అక్కడికక్కడ చెప్పగలిగినవాడు మన పక్షాన ఉండాలి. తపాలాలోనూ అంతే. ఒక్కొక్క కౌంటరు పనికి ఇన్ని నిమిషాలని కట్టిన కాలప్రమాణాలమీదనే సిబ్బంది సంఖ్య నిలిచి ఉన్నది. సర్వరు ఆగిపోయి జనం అరుస్తున్న పావుగంట ఏ ప్రమాణంలోకి వచ్చినది? కాలమాన పరిశీలన ఎట్లా చేస్తారో, అలసటకు ఎంత మినహాయింపు కట్టాలో, నమూనా రోజును ఎట్లా ఎన్నుకోవాలో చదివిన సోదరి ఈ ప్రశ్న వేస్తే దానికి బరువు వేరు.

అందుకే ఆమెకు మా జవాబు: చదువమ్మా, గ్రేడు కోసం కాదు, మన చర్చల బల్లకు నీవు కావాలి. మనిషి స్వభావంమీద మంచి నమ్మకముంచాలని చెప్పిన మెక్‌గ్రెగర్ సిద్ధాంతాన్ని ఎం.బి.ఏ.లో చదివి మార్కులు తెచ్చుకున్న అధికారులు ఎందరో ఉన్నారు. మరునాడు పదినిమిషాల ఆలస్యానికి మెమో ఇచ్చినవారూ వారిలో ఉన్నారు. పాఠాన్ని ఆచరణలో అడిగేవారు ఎదుట లేకపోవడమే అందుకు కారణం.

ఒక హెచ్చరిక. డ్యూటీలో పుస్తకం తెరవకండి. గేటు దగ్గర, క్యాబిన్‌లో, ప్యానెల్ ముందు చదువుతూ పట్టుబడితే శిక్ష సంగతి అటుంచండి, ప్రాణాల సంగతి ఉన్నది. దానికి తోడు, మీరు చదివిన ఆ గంటను చూపి "ఇదిగో పని లేని కాలం" అని వ్రాసుకుంటారు. మీ చదువే మీ తరువాత వచ్చేవారి మెడకు 75 గంటల రోస్టరై చుట్టుకుంటుంది.

మరి ఎప్పుడు చదవాలి? లెక్క ఇది. సార్వత్రిక విశ్వవిద్యాలయపు లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల అధ్యయనం. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. ఆరు నెలల్లో ఐదు పేపర్లు పెట్టుకుంటే 600 గంటలు, అంటే వారానికి 23. వారానికి 48 గంటలు డ్యూటీ చేసి, రెండు రాత్రుల నిద్ర కరవై, ఇంటికి వచ్చినవానికి ఇది సాధ్యం కాదు. చేరినవారు సగంలో మానుకుంటే వారి సోమరితనమంటున్నాము. లెక్క వేస్తే సోమరితనం కాదు, గంటలు లేవు. సోదరీమణుల విషయంలో డ్యూటీ దిగగానే వంటింటి డ్యూటీ ఎక్కవలసి ఉన్నది. ఇంట్లో అన్నదమ్ములు, భర్తలు ఆ పనిలో పాలుపంచుకోనిదే ఆ 120 గంటలు ఏ పంచాంగంలోనూ దొరకవు. ఈ సభలో ఉన్న భర్తలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

కనుక ఒక విడతకు రెండు పేపర్లే పరీక్షకు పెట్టుకోండి. వారానికి తొమ్మిది గంటల చిల్లర సరిపోతుంది. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో జూన్‌లోనూ డిసెంబరులోనూ పరీక్షలున్నవి, రెండేళ్ళ ఎం.బి.ఏ.ను నాలుగేళ్ళ వరకు పూర్తిచేయవచ్చును. ఇంటి వద్ద వ్రాసి పంపే అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. అసైన్‌మెంటు గడువు తప్పి ఏడాది పోగొట్టుకున్నవారే ఎక్కువ. బదిలీ అయి అధ్యయన కేంద్రం మార్పించుకోనివారు వారి తరువాత. రాత్రి డ్యూటీ దిగిన ఉదయం చదవకండి, పడుకోండి. ఆ పూట చదివినది నిలవదు.

వ్యక్తి చేయగలది ఇంతవరకే. మిగిలినది సంఘం చేయవలసినది. స్టడీ లీవు నిబంధన ఉన్నది: ఐదేళ్ళ సర్వీసు తరువాత, ఒక్కసారికి సాధారణంగా 12 నెలలు, మొత్తం సర్వీసులో 24 నెలలు, పనికి దగ్గరి సంబంధమున్న చదువుకు, తిరిగి వచ్చి పనిచేస్తామన్న బాండుతో. చదువుతూ డ్యూటీ చేసేవానికి కావలసినది ఇంత పెద్ద సెలవు కాదు. పరీక్షకు ముందటి రాత్రి డ్యూటీ తప్పించడం, పరీక్ష రోజున అడిగిన సెలవు నిరాకరించకపోవడం, ఆదివారపు సంపర్క తరగతికి రోస్టరు మార్పిడికి అంగీకరించడం. ఇవి డబ్బు ఖర్చు లేని కోరికలు. అయినా ఒక కార్యాలయంలో అనుమతి దరఖాస్తు ఒక పరీక్ష దాటిపోయేంతవరకు బల్లమీదనే ఉన్నది. నిరాకరించలేదు, ఇవ్వనూ లేదు. అందుచేత దరఖాస్తుకు నిర్ణీత గడువు, గడువు దాటితే అనుమతించినట్లే భావించడం అన్నది మన మొదటి డిమాండు కావాలి. రైల్వేలో 1952 నుండి పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ ఉన్నది, కేంద్ర ఉద్యోగులందరికీ 1966 నుండి సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం ఉన్నది. క్వార్టర్ల పైకప్పు కారడం అజెండాలోకి వస్తుంది గాని, చదివే ఉద్యోగి రోస్టరు ఎన్ని డివిజన్ల అజెండాలోకి వచ్చినది? ప్రతినిధులే చెప్పాలి.

సంక్షేమ నిధులు పిల్లల చదువుకు ఉపకార వేతనాలిస్తున్నవి. సంతోషం. అదే నిధినుండి ఉద్యోగి పరీక్ష ఫీజు ఎందుకు ఇవ్వరాదు? రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో క్యారమ్ బల్ల పక్కన నాలుగు కుర్చీలు, ఒక దీపం, రాత్రి పదింటి వరకు తలుపు తెరిచి ఉంచడం. రెండు గదుల క్వార్టరులో నలుగురున్న మనిషికి ఇది ఎంత పెద్ద వసతో వేరే చెప్పనక్కర లేదు.

గ్రామీణ డాక్ సేవకుల సంగతి వేరుగా చెప్పాలి. 2018 నుండి వారి పని రోజుకు నాలుగు లేక ఐదు గంటలని కాగితంమీద ఉన్నది. కాగితం చూచినవాడు వీరికి చదువుకోవడానికి బోలెడంత తీరిక ఉన్నదనుకుంటాడు. మిగిలిన గంటలలో వారు పొలం చేస్తారు, అంగడి నడుపుతారు. లేకపోతే ఇల్లు గడవదు. ఎం.టి.ఎస్., పోస్టుమ్యాన్ పరీక్షలకు వారు సిద్ధం కావడానికే మొదట తరగతులు కావాలి. యాజమాన్య పట్టా మాట వారి ముందు ఇప్పుడు ఎత్తడం ఎగతాళి అవుతుంది. ఆ తరగతులను శాఖలు వెంటనే మొదలుపెట్టవలసి ఉన్నది. ఎం.బి.ఏ. చదివిన మన సోదరులు అక్కడ పాఠం చెప్పాలి.

మధ్యాహ్నపు విరామంలో కార్యదర్శులకు ఒక పత్రం ఇస్తారు. మీ శాఖలో ఎందరు చదువుతున్నారు, ఎక్కడ చేరారు, అనుమతి ఏ తేదీన అడిగారు, ఏ తేదీన వచ్చినది, పరీక్షకు సెలవు దొరికినదా అన్న ఐదు గళ్ళున్నవి. తేదీలు లేని పత్రం చర్చల బల్లమీద పనికిరాదు కనుక తేదీలతో పూర్తిచేసి ఈ నెలాఖరులోగా కేంద్ర కార్యాలయానికి చేర్చగలరు. ఇక ప్రశ్నలు అడగవచ్చును. వెనుక వరుసలోని సోదరీమణులతో మొదలుపెడదాము.